వాసన గదికి వారసురాలు

ఒక వస్తువును ప్రాణంగా చూసుకునే మనిషి కన్నా, దాన్ని చూస్తేనే ఒళ్లు మండే మనిషికి దాని సంగతి ఎక్కువ తెలుస్తుందా? పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పట్టుకున్న అనుమానం ఇది. ఇన్నేళ్లయినా వదల్లేదు. వీలునామా ఇలా మొదలుపెట్టకూడదని వకీలుగారు అన్నారు. వీలునామా నాది గనక ఇలాగే మొదలుపెడుతున్నాను.

రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, సుగంధ తైలాలతో ఒంటినొప్పులకూ నిద్రలేమికీ ఉపశమనం ఇచ్చే పనిలో ఉన్నదాన్ని, నలభై ఏడేళ్ల వయసుదాన్ని, వీధిలో అందరూ సీసాలక్క అని పిలిచేదాన్ని అయిన నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ప్రోద్బలం లేదన్నది అక్షరాలా నిజం. బలవంతం చేసినవాళ్లంతా రాయొద్దనే చేశారు. "ఆపరేషన్‌కి వెళ్లేముందు ఇవేం రాతలే" అని మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

రాయడానికి కారణం కూడా ఇక్కడే ఉండాలి. వచ్చేవారం నాకు ఆపరేషన్. డాక్టరు తేదీ చెప్పిన మర్నాడు పొద్దున నేను కింద వెనకవైపు ఉన్న నా గది తలుపు తీశాను. ఫ్రిజ్ మీద కొలతల టేపు ఒకటి కనిపించింది. అది మేడ మీద ఉండే మా బావగారిది. తాళంచెవి వంటింట్లో అందరికీ అందేచోటే ఉంటుంది. ఆయన వచ్చి గోడ నుంచి గోడకి కొలుచుకుని, టేపు మరిచిపోయి వెళ్లారు. భోజనాల దగ్గర ఆయన చాలాకాలంగా అంటున్న మాటే ఇది: "ఆ వాసన గది కొట్టేస్తే రెండు కార్లు సుఖంగా పడతాయి." నేను బతికుండగానే ఆయన నా గదిలో కార్లు పెట్టి చూసుకున్నారు. నేనూ బతికుండగానే ఆ గది ఎవరిదో తేల్చిపెడుతున్నాను.

1. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాశానని ఎవరైనా కాగితం చూపిస్తే అది నాది కాదు.

2. ఈ వీలునామాను అమలుచేసే బాధ్యత నా స్నేహితురాలు ఫిజియోథెరపిస్టుకు అప్పగిస్తున్నాను. మనిషి కెవ్వుమన్నా మోకాలు వంచేదాకా వదలని రకం. మా ఇంటివాళ్లతో వ్యవహారానికి అలాంటి మనిషే కావాలి.

3. నా బ్యాంకు ఖాతాలో ఉన్నదీ, నా పేరున ఉన్న కారూ నా భర్తకు చెందాలి. దీనితోపాటు కడిగి ఆరబెట్టిన ఖాళీ సీసాలన్నీ ఆయనకే. మేకులకీ మరలకీ డబ్బాలు చాలడం లేదని గొణుగుతూ ఉంటారు, ఇక ఆ బాధ ఉండదు. ఇంకొకటి కూడా రాసిపెట్టాలి. వెనక సీట్లో నా నూనెల పెట్టె ఉన్న రోజుల్లో ఆయన ప్రతి గతుకు దగ్గరా కారును పసిపిల్లను ఎత్తుకున్నట్టు నడిపేవారు. పెట్టె లేకుండా నేనొక్కదాన్నే కూర్చున్న రోజుల్లో అంత మర్యాద ఎన్నడూ జరగలేదు. అయినా ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఎండలో తలుపులేసిన కారులో పెట్టె వదలొద్దని ఒక్కసారే చెప్పాను. నేను ఏ ఇంట్లో ఎంతసేపు ఉన్నా, ఆయన పెట్టె ఒళ్లో పెట్టుకుని చెట్టునీడన నిలబడేవారు. నేనంటే ఇష్టమని ఆయన నోటితో అనలేదు. అనకపోయినా ఏమీ కాలేదు.

4. నా కూతురికి నా పుస్తకాలు, గాజు గొట్టాలు, చిన్న తక్కెడ. అమ్మడూ, ఈ సీసాలను ఇంటర్నెట్టులో అమ్ముదామన్నావు. "ఈ గోధుమరంగు చూస్తే దగ్గుమందులా ఉంది, తెల్ల గాజులో పోసి కిటికీలో పెట్టి ఫొటో తీద్దాం" అన్నావు. కిటికీలో పెడితే ఫొటో బాగానే వస్తుంది, వెలుతురుకి నూనె మాత్రం మిగలదు. అందుకే నీకు గది ఇవ్వడం లేదు. అలుగుతావని తెలుసు. అలుగు. నువ్వు పుట్టిన ఏడు కొన్న వట్టివేరు నూనె సీసా ఒకటి పై అరలో ఉంది, అది నీది. నిమ్మలాంటివి ఏడాదికే ముసలివైపోతాయి గానీ, ఇది ఏళ్లు గడిచేకొద్దీ చిక్కబడి మెత్తబడుతుంది. నా చేతిలో అలా అయిన వస్తువులు రెండే. రెండోదానివి నువ్వు.

5. మా బావగారికి, ఆయన కొలతల టేపు. శుభ్రంగా తుడిచి, ఫ్రిజ్ మీద ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టాను. ఆ ఫ్రిజ్ గురించి ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పే మాట, "మా మరదలి దగ్గర ఒక ఫ్రిజ్ ఉంది, అందులో తినేదొక్కటీ ఉండదు." అది ఫ్రిజ్ లోపం కాదు. వద్దని చెప్పినా వినకుండా ఒకసారి ఆయనే అందులో పాలు పెట్టారు. ఆ పూట ఇంటిల్లిపాదీ నీలగిరి తైలం వాసనతో కాఫీ తాగాం. "దగ్గున్నవాళ్లు రెండో కప్పు తీసుకోండి" అని ఆయన జోకు వేశారు. నేను నవ్వాను. తప్పు ఎవరిదో ఆ నవ్వులో కొట్టుకుపోయింది. ఇప్పుడు నవ్వను.

6. ఇక అసలు ఆస్తి. ఆ వెనక గది మా అత్తయ్య బతికుండగా నా పేర రాసి రిజిస్టరు చేయించినది, దాని మీద నాకు సర్వహక్కులూ ఉన్నాయి. ఆ గదినీ, అందులోని ఫ్రిజ్‌నీ, అరలనీ, ఇతరులకు రాసినవి పోను వాటిలోని తైలాలన్నింటినీ నా తదనంతరం మా తోడికోడలికి, అంటే బావగారి భార్యకు, ఆమె ఒక్కదానికే, సంపూర్ణ హక్కులతో చెందేలా రాస్తున్నాను.

ఇది చదివి ముందుగా ఉలిక్కిపడేది ఆవిడే. ఇన్నేళ్లుగా ఆ గది దరిదాపులకి ముక్కు మూసుకోకుండా రాలేదు. నేను వచ్చిన మొదటి నెలలోనే, "ఏమ్మా, ఇక్కడ మనుషులుంటున్నారా, సబ్బుల ఫ్యాక్టరీ నడుస్తోందా?" అని అడిగింది. మా అత్తయ్యతో, "ఈ పిల్లకి వంట రాదుగానీ వాసనలొచ్చు" అన్నది. ఒకసారి ఆవిడ పుట్టింటివాళ్లు వచ్చిన రోజు నేను పచౌలీ సీసా తెరిచాను. మట్టిలో తడిసిన బట్టలాంటి వాసన దానిది, కాదనను. అదేమిటని వాళ్లు అడిగితే, "కింద పైపు పగిలిందిలే, మనిషి వస్తానన్నాడు" అని చెప్పింది. ఆ మాట నేను మరవలేదు. మరవకపోవడం నాకు చాతనైన విద్య.

మరి ఆవిడకే ఎందుకని ఫిజియోథెరపిస్టు అడిగింది. చెబుతాను.

ఒక పొద్దున నేను వృద్ధాశ్రమానికి బయల్దేరుతున్నాను. మూతలు తీసి చూసుకుంటూ పెట్టె సర్దుకుంటుంటే మేడ మెట్ల మీంచి తోడికోడలు అక్క కేక: "ఏమ్మాయ్, నీ నారింజ ఇవాళ కొత్తగా వార్నిష్ కొట్టిన కుర్చీలా కొడుతోంది!" నాకు చిర్రెత్తింది. ఎమ్మెస్సీ నేను చదివానా, ఆవిడ చదివిందా? అయినా తీసి చూశాను. సగానికి పైగా ఖాళీ అయిన సీసా, ఇన్నాళ్లూ అర వెనక పడి గాలితో కాపురం చేసింది. నూనె చెడిపోయింది. దాన్ని ఒంటికి రాస్తే ముసలి చర్మం దద్దుర్లతో ఎర్రబారేది. నాకు తెలియలేదు. పొద్దస్తమానం వాసనల మధ్య ఉండే నా ముక్కు వాటికి చుట్టమైపోయింది. చుట్టాల తప్పులు మనకి కనబడవు. ఆవిడ ముక్కు మాత్రం ఆ గదితో ఏనాడూ రాజీపడలేదు. ఆ పూట ఆవిడకి థాంక్స్ చెప్పలేదు. "మీ ముక్కుకి వేరే పని లేదా అక్కా" అన్నాను. సీసా పారబోసి వెళ్లాను.

ఆ తర్వాత కొత్త సరుకు వచ్చినప్పుడల్లా మూత తీసి, గది తలుపు ఓరగా ఉంచి, పైనుంచి కేక కోసం ఎదురుచూడటం అలవాటు చేసుకున్నాను. "ఇది లావెండరా, బట్టల సోడానా?" అని వినిపిస్తే ఆ సీసా వ్యాపారికి వెనక్కి పోయేది. కేక రాకపోతే, సణుగుడే వస్తే, సరుకు మంచిదే. "మేడమ్, మీ దగ్గర పరీక్ష చేసే మిషనేమైనా ఉందా?" అని ఆ వ్యాపారి ఒకసారి అడిగాడు. "ఉంది, మేడ మీద" అన్నాను. ఆవిడ తిట్లతో నా పని చేయించుకున్నానని ఎవరైనా అంటే, అవును, చేయించుకున్నాను. తిట్టడం ఆవిడ హక్కు, వాడుకోవడం నా తెలివి.

ఆవిడకి ఈ నూనెల మీద నమ్మకం లేదు కదా, అది కూడా తెలుసు. వృద్ధాశ్రమంలో ఒక రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్, నేను చేతులకి నూనె రాసిన రాత్రి మాత్రమే నిద్రపోతుందని చెప్పాను ఒకసారి. "నీ నూనె వల్ల కాదులే. ఆ చెయ్యి పట్టుకుని అరగంట కూర్చుంటావు. ఆ ముసలావిడకి అది చాలు" అంది అక్క. ఆ రోజు కోపంతో పళ్లు కొరుక్కున్నాను. నా చదువు ఆ మాటని పూర్తిగా కొట్టిపారేయలేకపోయింది, కోపమంతా అందుకే. నమ్మేవాళ్లకి ప్రతి సీసా మంచిదిగానే తోస్తుంది. నమ్మనివాళ్ల చేతిలోనే నూనె భద్రంగా ఉంటుంది. ఇది నా అభిప్రాయం. దీన్ని వకీలుగారు కొట్టేయమన్నారు. కొట్టేయను.

7. అక్కా, గది నిలబడాలంటే ఇవి తప్పవు. సీసాలు గోధుమరంగువే ఉండాలి, నిలబెట్టే ఉంచాలి. నూనె సగానికి దిగిందంటే అంతకన్నా చిన్న సీసాలోకి మార్చు. పైన మిగిలిన గాలే దాన్ని తినేస్తుంది. చిన్న సీసా కదా అని తక్కువగా చూడకు, గదిలో అన్నిటికన్నా విలువైనవి బొటనవేలంత సీసాల్లోనే ఉన్నాయి. చుక్కలు వేసే రబ్బరు బుడ్డి ఉన్న మూతతో నిలవ పెట్టకు, రబ్బరు కరిగి నూనెలోకి దిగుతుంది. నిమ్మా నారింజా ఫ్రిజ్‌లో ఉంచు. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా తెరవకు, చెమ్మ చేరుతుంది. గులాబి నూనె చలికి గడ్డకడితే పాడైందనుకుని నన్ను తిట్టుకోకు. గుప్పిట్లో పెట్టుకుంటే కరుగుతుంది. పొయ్యి దగ్గరికి మాత్రం ఏ సీసానీ తీసుకెళ్లకు, అన్నీ భగ్గుమనే రకాలే.

8. బయటికి మోసుకెళ్లే పెట్టె కూడా ఆవిడకే. లోపల ఉన్ని గుడ్డ కుట్టిన గూళ్లున్నాయి, సీసాకి సీసా తగలదు. ఎవరి ఇంటికీ వెళ్లాలనిపించకపోతే వెళ్లనక్కర్లేదు. వెళ్తే మూతలు మరోసారి బిగించుకుని వెళ్లాలి. ఈ విషయంలో ఆవిడకి నేను చెప్పాల్సిందేమీ లేదు. పోయిన నెల పరీక్షల కోసం ఆసుపత్రిలో ఉండి వచ్చి, వాంతులతో నేను మంచం దిగలేని రోజుల్లో, అడక్కుండానే ఆ గదిలోకి వెళ్లింది ఆవిడే. ముక్కుకి గుడ్డ కట్టుకుని, "ఎవరి సీసాలు వాళ్లు చూసుకోకపోతే ఊరి మీద వదులుతారా" అని అరుస్తూ, ప్రతి మూతా బిగించి వచ్చింది. లేచాక ఒక్క మూతా నా చేతికి రాలేదు. మా ఆయన్ని పిలిచి తెరిపించుకున్నాను.

9. వృద్ధాశ్రమానికి బాదం నూనె డబ్బాలు. ఇవి తొందరగా కంపుకొడతాయి, దాచుకోకుండా వాడేయాలి. హెడ్‌మిస్ట్రెస్ చెయ్యి ఎవరైనా పట్టుకోవాలి. నూనె ఉన్నా లేకపోయినా.

10. నేను పోతే నా చుట్టూ ఏ సువాసనా పెట్టొద్దు. పని అయ్యాక పనిముట్లు కడిగి పెట్టేయడమే నా పద్ధతి.

11. ఈ గదిని కారు పెట్టుకోవడానికి వాడకూడదని, బావగారి పేరుకి మార్చకూడదని షరతు రాయమన్నారు వకీలుగారు. రాశాను, కొట్టేశాను. మళ్లీ రాసి మళ్లీ కొట్టేశాను. కొట్టేసినదే ఖాయం. ఆవిడ పేర ఈ భూమ్మీద ఇప్పటిదాకా ఒక్క గుమ్మం కూడా లేదు. మొదటిసారి ఒకటి ఇస్తూ దానికి నా తాళం వేస్తే అది ఇచ్చినట్టా? కొట్టించాలనిపిస్తే కొట్టించుకుంటుంది. కానీ బావగారికి ఆ గది కావాలంటే ఆవిడని అడగాలి. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన ఆవిడకి చెప్పడమేగానీ అడిగింది లేదు. అడిగేటప్పుడు ఆ గొంతు ఎలా ఉంటుందో వినడానికి నేను ఉండను. నాకున్న లోటు అదొక్కటే.

12. ఆపరేషన్ నుంచి నేను తిరిగి వస్తే ఈ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పకూడదు. తెలిస్తే మెత్తబడి కేకలేయడం మానేస్తుంది. నా సరుకు పరీక్షించే దిక్కుండదు.

ఇంత గట్టిగా రాసినదాన్ని, ఒక్క విషయం మాత్రం తేల్చుకోలేకపోయాను. ఏ వాసన పడదని ఇన్నేళ్లు గొడవపడిందో ఆ వాసన మధ్యలోకే ఆవిడని తాళంచెవితో సహా నెడుతున్నాను. ఇది నేను ఆవిడ మీద ఇష్టంతో చేస్తున్నానా, కక్షతో చేస్తున్నానా? ఎన్ని విధాల ఆలోచించినా నాకు తెలియలేదు. సంతకం పెడుతున్న ఈ నిమిషానికీ తెలియదు.

తేదీ: 2026 మార్చి 11, బుధవారం.

(సంతకం) సీసాలక్క

సాక్షులు:
పక్కవీధి గాజుసామాన్ల దుకాణదారు
వృద్ధాశ్రమం పెద్ద నర్సు

సాక్షులకి ఇందులో ఏమీ రాయకూడదట. పెద్ద నర్సుకి ఇవ్వాలనుకున్న పిప్పరమెంటు సీసా ఆమె కలం పట్టుకోకముందే చేతిలో పెట్టేశాను.