నవ్వుతూ నిలబడు, చాలు

గాలె,
ఆదివారం

ప్రేమగల కుసుమి అక్కకి,

ఫోను చేతిలో ఉండగా ఈ కాగితం ఏమిటనుకుంటున్నావేమో. ఫోను ముట్టుకోవాలంటేనే చెయ్యి రావడం లేదక్కా. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మా సెనూలి క్లాసు టీచరు దిల్రుక్షి మిస్ వాళ్ళమ్మ పోయారు. తల్లుల వాట్సాప్ గ్రూపులో అందరూ ఇంగ్లీషులో సంతాపాలు పెట్టారు. చావింట పొయ్యి వెలిగించరు కదా, అన్నం పొట్లాలు తెస్తానని నేనూ నాలుగు ముక్కలు రాశాను, ఇంగ్లీషులోనే. ఏ దెయ్యం పట్టిందో! సింహళంలో రాస్తే చులకనైపోతానని భయం. వెంటనే రోషంతి అని ఒకావిడ నా తప్పులన్నీ దిద్ది కింద పెట్టింది. దిద్దితే దిద్దింది, పక్కన నవ్వే బొమ్మలెందుకు? ఆ వెనకే మిగతావాళ్ళ నవ్వులు. చావు కబురు కింద అక్కా! మనవాళ్ళు ఇంగ్లీషుని రానివాళ్ళని నరికే కత్తి అని ఊరికే అనరు. అన్నం మాత్రం తీసుకెళ్ళాను. గుమ్మంలో ఇచ్చేసి, మిస్ మొహం చూడకుండా వచ్చేశాను.

అసలు బాధ అది కాదు. మర్నాడు సెనూలి బడి నుంచి వచ్చి బ్యాగు విసిరికొట్టింది.

"క్లాసంతా నీ మెసేజ్ చదివి నవ్వారు, తెలుసా? రాకపోతే నన్నడగొచ్చుగా!"

"తొందరలో రాశానే."

"ఇంకెప్పుడూ రాయకు. బహుమతుల రోజు వస్తే ఎవరితోనూ మాట్లాడకు. నవ్వుతూ నిలబడు, చాలు."

దానికొచ్చింది ఇంగ్లీషు వక్తృత్వంలో మొదటి బహుమతి. నేను వెళ్ళను. జ్వరమని చెప్తాను.

నీ చెల్లెలు
ఇనోకా

గాలె,
శనివారం

అక్కా,

"వెళ్ళకపోతే నా గడప తొక్కకు" అని రాశావు కాబట్టి వెళ్ళాను. మంచి చీర కట్టుకుని, పెదవులు బిగించుకుని కూర్చున్నాను.

టీ ఇచ్చేటప్పుడు దిల్రుక్షి మిస్ నేరుగా వచ్చి నా చేతులు పట్టుకున్నారు. "సెనూలి అమ్మా, అలా పారిపోయారేంటి? మా నాన్న ఆ రోజు తిన్నది మీ అన్నమే" అన్నారు, సింహళంలోనే. నేను నవ్వాను.

"నా మీద కోపమా? మాట్లాడరేం?"

పక్కనే రోషంతి ఉంది. మళ్ళీ నవ్వాను. మిస్ మొహం చిన్నబోయింది. ఇక ఆగలేక, "కోపం కాదు మిస్, గొంతు బాగాలేదు" అన్నాను మెల్లగా.

"అబద్ధం మిస్" అంది సెనూలి. అది ఎప్పుడొచ్చి నిలబడిందో! "గొంతు బాగానే ఉంది. నేనే మాట్లాడొద్దన్నాను. అమ్మని చూసి నేను సిగ్గుపడ్డాను."

రోషంతి కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. పిల్ల బావురుమంది.

గ్రూపులో నవ్వినప్పటికన్నా అప్పుడే నాకు ఎక్కువ సిగ్గేసిందక్కా. చులకనైపోతానని నా భాష దాచుకున్నది నేను. అది చూసే కదా పిల్ల నన్ను దాచాలనుకుంది! దాన్ని ఎలా తిట్టను? మేం సెలవులకి వచ్చినప్పుడు నువ్వూ ఏమీ అనకు.

తిరుగు బస్సులో దాని స్నేహితురాళ్ళంతా ఉన్నారు. అయినా అది దిగేదాకా నా చెయ్యి వదల్లేదు.

నీ
ఇనోకా