సాలోళ్ళ గేరిలో గాజు పోగులు

తేది: 21-8-2006
గద్వాల

శ్రీయుత ఆర్.డి.ఓ. గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా గేరిలో కేబుల్ కంపెనీ వాండ్లు ఇడిచిపోయిన వైరు ముక్కలు ఎత్తించుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించునది ఏమనగా, నా పేరు సత్యమ్మ, వయసు అరవై ఏడు, మూడో తరగతి దాక చదివిన. మాది మగ్గం ఇల్లు. నా పెనిమిటి పేరు నోటితోని చెప్పను, అర్జీల రాయాలన్నరు గనుక రాస్తున్న, నాగన్న.

1. వానలు మొదలుగాక ముందు మా గేరి పొడుగునా, వీధి ఈ కొన నుంచి ఆ కొన దాక, కాలువ తవ్వి నల్ల వైరు పాతినరు. దాంట్ల నుంచి ఫోన్లు, కంప్యూటర్లు నడుస్తయన్నరు. నడవనీ. మిగిలిన ముక్కలు, మూరెడువి, బారెడువి, మా గోడ పక్కన కుప్ప పోసి పోయినరు. ఆ గోడ పక్కనే మేము పడుగు, అంటే చీర నిలువు పోగులు, చాపి గంజి పెడతము. నేను కాపురానికి వచ్చిన కాడి నుంచి అక్కడనే.

2. మా ఆయన ఒక ముక్క కోసి చూసిండు. పైన నల్ల తోలు. దాని కింద రేకు. రేకు కింద పసుపుపచ్చ దారం, ఎంత గుంజినా తెగదు. ఇంకా లోపల జిడ్డు, ఆ జిడ్డుల సన్న గొట్టాలు, గొట్టాలల్ల ఎంట్రుకంత పోగులు. నీలం, నారింజ, ఆకుపచ్చ, ఒక్కొక్కటి ఒక్కో రంగు.

"ఏమే, ఇటు రా. పట్టుకన్న సన్నం ఉన్నయి. ఏ ఊరి అద్దకమే ఇది?" అన్నడు.

"ముట్టకు, మనది కాదు" అంటి.

"నీకు నీ నీడను చూసినా భయమే" అన్నడు.

సాలె మనిషి చేతికి పోగు దొరికితే ఊకుంటడా? కొన నోట్ల తడి చేసి, బొటనవేలు చూపుడువేలు నడుమ మెలిపెట్టి గుంజిండు. టప్పున ఇరిగింది. అది గాజు అని మాకు ఎవరు చెప్పినరు? గాజు వంగుతదని ఎవరికి ఎరుక?

3. ఇరిగిన మొన బొటనవేల్ల దిగబడింది. కండ్లకు కానరాదు. దవాఖానల ఫొటో తీస్తే ఫొటోల గూడ కానరాలే. డాక్టరు కోసి చూసిండు, దొరకలే. నెల దాటింది, వేలు వంకాయ లెక్క అయింది. పాత పడుగు కొనకు కొత్త పడుగు కొన, వేల పోగులు, ఒక్కొక్కటి మెలిపెట్టి అతికేది ఆ వేలే. ఇట్టి కారణముచేత మగ్గం నిలిచిపోయినది. అది నరంల పడి గుండెకు పోతదేమో అని నేను పొద్దుకు పదిసార్లు ఆయన ఛాతి మీద చెయ్యి పెట్టి చూస్త. "ఇంక బతికే ఉన్న, చెయ్యి తియ్యే" అంటడు.

4. ఇట్టి విషయమై కంపెనీ సూపర్‌వైజరును అడుగగా, మొదటిసారి "ముసలమ్మా, అది కంపెనీ సొత్తు, కోసినందుకు మీ మీదనే కేసు పెట్టాలె" అనెను. సొత్తయితే ఎత్తుకపో సారూ అంటి. రెండోసారి పోగా "అది చెత్త, మాకు సంబంధం లేదు" అనెను. మేము ముడితే సొత్తు, ఎత్తమంటే చెత్త.

5. పాత సామాను కొనే మాసయ్యను పిలిచిన. "అత్తా, లోపల రాగి ఉంటే నువ్వు పిలువక ముందే వస్తుంటి. గాజు, ప్లాస్టిక్కు, రేకు, జిడ్డు, అన్నీ ఒకదాన్నొకటి పట్టుకొని కూసున్నయి. ఎవడు ఇడదీస్తడు? ఊరికే ఇచ్చినా వద్దు" అన్నడు. కోడలు ఉమ నాలుగు ముక్కలు కాలవెట్టింది. గేరంత నల్ల పొగ, అందరు దగ్గుడే. తోలు కాలింది గాని గాజు కాలలే. పాతిపెడితే వాన మల్ల బయటికి తీసింది. మా చీర చినిగితే బొంత అయితది, బొంత చినిగితే మసిగుడ్డ అయితది, మసిగుడ్డ మన్నుల కలుస్తది. ఈ చావు లేని దాన్ని తెచ్చి మా గోడకు ఆనించి పోతరా?

6. కోసిన, కాల్చిన ముక్కలల్ల నుంచి రాలిన గాజు తునకలు తడి గంజికి అంటుకుంటే మాకు కానరావు. ఉమ ఒట్టి చేతులతోనే పోగులు సవరిస్తది. అందుకని ఇరవై రోజుల నుంచి పడుగు చాపనిస్తలేను. తునక చీరల ఉండిపోతే, ఏ ఊరి పెండ్లిపిల్ల కట్టుకుంటదో, ఆ పిల్ల నడుముకు గుచ్చుకుంటే ఉసురు కంపెనీకా, నాకా? ఆయన చెయ్యి ఎట్లనో పాయె. కోడలు చెయ్యి అన్న మిగలనీయండి.

కావున తమరు దయతలచి, ఆ కంపెనీ వాండ్లు తెచ్చినది ఆ కంపెనీ వాండ్లచేతనే ఎత్తించి, గేరి ఊడ్పించవలెను. ఈ ముసలిదాని రాతను చిత్తమున ఉంచుకొని ఒక్కసారి స్వయముగా, చెప్పులు వేసుకొని, మా గేరికి విచ్చేయగలరని వేడుకుంటున్న.

తమ విధేయురాలు,
సత్యమ్మ
సాలోళ్ళ గేరి, గద్వాల

ఇంకొక మాట: సాక్ష్యం లేనిది నమ్మరన్నరు. అందుకని రెండు పోగులు అగ్గిపెట్టెల పెట్టి దీనికి కట్టి పంపుతున్న. కట్టింది ఆ పసుపుపచ్చ దారమే, చేతులతోని తెగదు, బ్లేడు పెట్టు. లోపలియి చూస్తే ముచ్చటగ ఉంటయి, ముట్టబుద్ధి అయితది. ముట్టకు బిడ్డా. చూసినంక ఆ పెట్టెను ఎక్కడ పారేస్తవో నాకు ఒక కార్డు ముక్క రాయి. మేము గూడ అక్కడనే పారేస్తం.