మూత తెరిచి ఉంటే

కాశీబుగ్గ,
18 నవంబరు 2003, మంగళవారం.

చిరంజీవి సాయిరాంకి అక్క దీవెనలు.

మీ బావ నిన్ను గుమ్మం తొక్కొద్దన్న రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. నోటితో చెప్పలేని మాట రాస్తున్నాను. కోపం వచ్చినా చివరిదాకా చదువు.

పేర్లబోర్డులు చెక్కడానికి నువ్వు చేసిచ్చిన మిషనులో ఆయన రెండు వేళ్లు పోవడానికి కారణం నువ్వు కాదురా, నేను. మూత దించితే దాని కింది చిన్న మీట నొక్కుకుంటుందని, అప్పుడే కత్తి తిరుగుతుందని, మూత ఎత్తితే ఆగిపోయేలా కంప్యూటర్లో షరతు రాశానని పదిసార్లు చూపించావు. ఆయుధపూజ నాడు నేను మిషనంతా పసుపు రాసి బొట్లు పెట్టాను. ఆ మీట ఒక్కదాన్ని వదిలేస్తే బాగుండదని దానికీ మెత్తాను. నా బుద్ధికి ఏం చెప్పను. మూడో రోజు ఆయన మూత ఎత్తి చెక్కపొట్టు తుడవబోయారు. కత్తి ఆగలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చి చూస్తే పసుపు ఎండి మీట లోపలికే అతుక్కుపోయి ఉంది. తలపిన్ను తీసి గీకేశాను. ఎవరికీ చెప్పలేదు. "ఆడి సదువు నా సెయ్యి తినేసింది. మళ్లీ ఈ గుమ్మం ఎక్కితే ఊరుకోను" అని చూడ్డానికి వచ్చినవాళ్లందరితో ఆయన అంటుంటే, కాఫీలు అందిస్తూ విన్నాను. నెలన్నరగా నిన్ను తిట్టనిచ్చాను. నేనూ ఒక అక్కనేనా.

శుక్రవారం ఆయనకి చెప్పేస్తాను. పుట్టింటికి పొమ్మన్నా పోతాను.

నీ అక్క,
వైదేహి


టెక్కలి,
22 నవంబరు 2003, శనివారం.

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. రెండుసార్లు చదివాను.

ఆ షరతు అప్పుడు మిషనులో లేదక్కా. దసరాకి నాలుగు రోజుల ముందే తీసేశాను. పొట్టు పడి మీట వదులై, మూత వేసి ఉన్నా తెరిచి ఉందనుకుని కంప్యూటరు పని మధ్యలో ఆపేసేది. మూడు టేకు బోర్డులు పాడయ్యాయి. "ఏటిరా ఇది, మాటిమాటికీ సచ్చిపోతంది" అని బావ విసుక్కున్నాడు. నాకు పౌరుషం వచ్చింది. 'మూత తెరిచి ఉంటే ఆపు' అన్న ఒక్క వరుస కొట్టేశాను. పండగయ్యాక మీట మార్చి మళ్లీ రాద్దామనుకున్నాను. చెబితే నా మిషను పనికిరాదని ఒప్పుకున్నట్టవుతుందని బావకి చెప్పలేదు. నువ్వు పసుపు రాయకపోయినా ఆ కత్తి ఆగేది కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మీరంతా ఆసుపత్రిలో ఉండగా నేను వెనక్కి వచ్చి ఆ వరుస మళ్లీ రాసేశాను, ఎవరైనా చూస్తారేమోనని. బావ వెళ్లగొడితే, తగిన శాస్తే అయిందనుకుని ఊరుకున్నాను. నువ్వు ఇలా కుమిలిపోతున్నావని కలలో కూడా అనుకోలేదు.

శుక్రవారం నిన్ననే అయిపోయింది. చెయ్యని తప్పు ఈపాటికి ఒప్పేసుకుని ఉంటావు. ఫోన్ చేస్తే బావే ఎత్తుతాడు, నా గొంతు వినగానే పెట్టేస్తాడు. అందుకని దీన్ని పోస్టులో వెయ్యడం లేదు. పలాస బస్సెక్కి కాశీబుగ్గకి నేనే తెస్తున్నాను. గుమ్మం బయటే నిలబడతాను. కవరు మీద నీ పేరు రాయలేదు. మన్మథరావు బావకి అని రాశాను.

తమ్ముడు,
సాయిరాం