భర్త పేరు అడిగినప్పుడు

ప్రొద్దుటూరు, 1958 జూన్ 9

జమ్మలమడుగు నుంచి సరోజ ఉత్త చేతులతో వచ్చింది. గ్రామసేవిక ఉద్యోగం రాలేదు. కుట్టుపని, లెక్కలు, పొగలేని పొయ్యి కట్టే విధం... అడిగినవన్నీ చెప్పిందట. చివర భర్త పేరు అడిగారు. నా మనవరాలు నేలచూపులు చూసింది. మళ్లీ అడిగితే, చీటీ మీద రాసిస్తానందట!

"పేరు కాగితాల్లో మాకూ కనపడతాంది తల్లీ. నోరు తెరుస్తావో లేదో చూస్తాండాం. ఊరూరా తిరిగి ఆడోళ్లకు ఏం చెప్తావు నువ్వు?" అని పంపేశారు.

తప్పు నాది. పెళ్లయిన మర్నాడే నేర్పాను — మగని పేరు పలకరాదు, పలికితే ఆయుష్షు తరుగుతుందని.

జూన్ 10

వచ్చే నెల పులివెందులలో ఇంకొకసారి పిలుస్తారు. ఆ తర్వాత ఖాళీలు లేవట. ఆమె మగడు క్షయతో శానిటోరియంలో చేరి ఏడు నెలలు. సంపాదించే మనిషి కావాలి. ఏడుస్తూ కూర్చునే వ్యవధి లేదు.

జూన్ 12

పొద్దున ఐదుకే లేపాను. పెరట్లో ఆ గోడ దగ్గర సరోజ, ఈ గోడ దగ్గర నేను. నాకు వినిపించాలి — అదే పాఠం. పక్కింటి ఖాదర్‌బీని పిలిచి, పొయ్యి సంగతి ఆమెకు చెప్పమన్నాను.

"ఏందమ్మా, నీ మాట నీకన్నా ఇనపడతాందా? ఈగ నయం" అంది ఖాదర్‌బీ.

సరోజ నవ్వింది. ఎన్నాళ్లకో.

జూన్ 15

గొంతు విచ్చుకుంది. "పొగ లేకుంటే దోమలు యాడికి పోతాయి?" అని ఖాదర్‌బీ. "మీ ఇంటికే వస్తాయిలే పిన్నీ" అని సరోజ. తడుముకోలేదు.

భర్త పేరు? — చీపురందుకుని పెరడు ఊడవసాగింది.

జూన్ 18

కోప్పడ్డాను. ఏందే, మూడక్షరాలు!

"ఆయన ఆడ నెత్తురు కక్కుతాండాడు అవ్వా. నేనీడ పేరు పలికి, ఏమన్నా అయితే?"

ఆ పూట నాకు అన్నం సయించలేదు.

జూన్ 19

ఇరవై రెండేళ్ల కాపురంలో మా ఆయన పేరు నేను ఒక్కసారి కూడా పలకలేదు. గుడిలో అర్చనకు కూడా పక్కవాళ్లే చెప్పేవారు. అయినా నలభై నిండకుండానే పోయారు. చింతపండు వీశెకు కూడా లెక్క చూసేదాన్ని, ఈ లెక్క ఎందుకు చూసుకోలేదో.

జూన్ 20

స్నానం చేసి, సరోజను ఎదురుగా కూర్చోబెట్టి, మా ఆయన పేరు చెప్పాను. సుబ్బరామయ్య. మొదటిసారి నాకే సరిగా వినిపించలేదు. రెండోసారి వినిపించింది.

"నీకేం అవ్వా, తాత ఎప్పుడో పోయినాడు. మా ఆయన ఇంకా ఉండాడు."

నిజమే. చురుక్కుమంది.

జూన్ 27

సాధన ఆపలేదు. ఆ ఒక్క ప్రశ్న నేనూ అడగడం లేదు.

జూలై 7, పులివెందుల

ఆఫీసు వరండాలో బెంచీ మీద నేను. తలుపు ఓరగా ఉంది. సరోజ జవాబులన్నీ బయటికి వినిపిస్తున్నాయి. తర్వాత ఆ ప్రశ్న. బెంచీ అంచు పట్టుకున్నాను.

"శేషయ్య."

వరండా చివర ఉన్న జవాను తల తిప్పి చూశాడు. అంత గట్టిగా.

బయటికి వచ్చి నా మొహం చూడలేదు. బస్సులో ప్రొద్దుటూరు దాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

జూలై 16

పులివెందుల నుంచి కాగితం వచ్చింది. సోమవారం శిక్షణకు చేరాలి.

శానిటోరియం నుంచి ఈ వారం ఉత్తరం రాలేదు.

సరోజ పెట్టె సర్దడం లేదు. నేనే సర్దుతున్నాను.