నల్ల అంచు కాగితం

ప్వెర్తో అన్సెల్మో,
శుక్రవారం

సరస్సు పరిశోధనశాల వారికి,

మీరు సిగ్గులేని మనుషులు. ఇది చదువుతున్న మిమ్మల్నే అంటున్నాను, పక్క కుర్చీ వైపు చూడకండి.

డాక్టర్ ఫెర్మిన్ సులేటా పోయారన్న కబురు మాకు దీపస్తంభం చెప్పాలా? నిన్న పొద్దున లేచేసరికి ప్రతి స్తంభానికీ నల్ల అంచు కాగితం. మధ్యలో ఆయన ఫోటో, మూల ఒక తెల్ల పక్షి, కింద రెండు ముక్కలు: "సరస్సు సేవలో జీవితం గడిపిన మనిషి. వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగింటికి అందరినీ రమ్మని పరిశోధనశాల కుటుంబం కోరుతోంది." అంతే! ఎలా పోయారో ఒక్క ముక్క లేదు. శవం ఎక్కడుందో లేదు. శుక్రవారం దాకా ఎక్కడ ఉంచుతారు, నీటి సీసాలు పెట్టే ఫ్రిజ్‌లోనా?

ఎలా పోయారో నేను చెప్తాను. ఈ సరస్సు నీళ్ల వల్ల పోయారు. ఫిబ్రవరి నుంచి సీసాల్లో నీళ్లు పట్టుకుపోతున్నారు, ఫలితం ఏమిటో ఇంతవరకు చెప్పలేదు. మేం ఆ చేపే తింటున్నాం, ఆ చేపే అమ్ముతున్నాం. నా మనవరాలు ఆ నీళ్లలోనే ఈదుతోంది. ఆ చేప తినవచ్చా, తినకూడదా? ఆయన చావైనా మాకు ఆ జవాబు ఇవ్వాలి.

మీకు పెరడు లేదు కనుక మా పెరట్లోనే పందిరి వేశాం. పోయినవాళ్ల కోసం చేసే తొమ్మిది రోజుల ప్రార్థన నిన్ననే మొదలైంది.

ఓబ్దూలియా కర్రస్కాల్,
జాలర్ల సంఘం కార్యదర్శి

తా.క. గేటు దగ్గర కాపలా మనిషి "ఏదున్నా రాసివ్వండి" అన్నాడు. అందుకే ఉత్తరం. సంతాపం చెప్పడానికి కూడా అర్జీ పెట్టాల్సిన ఊరు ఇంకెక్కడైనా ఉందా?

తా.క. 2. ఆయన కాఫీలో చక్కెర వేసుకునేవారా? ఫోటో ముందు కప్పు పెడుతున్నాం.

*

సోమవారం

గౌరవనీయులైన ఓబ్దూలియా గారికి,

నమస్కారం. మా కార్యక్రమాలపై మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు.

డాక్టర్ సులేటా గారు చనిపోలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఒక సమావేశం కోసం రాజధానికి వెళ్లారు. ఆయన ఆరోగ్యం అనుమతించిన పరిమితులలోనే ఉంది. మీరు చూసిన కాగితం ప్రజల సందర్శన దినానికి ఆహ్వానం. ముద్రణ యంత్రంలో రంగు సిరా అయిపోయింది. హుందాగా ఉంటుందని నల్ల అంచు వేశాం. ఆ పక్షి మా చిహ్నమైన కొంగ.

నీటి పరీక్షల వివరాలు నివేదికలో ఉన్నాయి. నివేదిక రాజధానిలో ఉంది.

భవదీయురాలు,
ఇవెత్ పడీయా,
వార్తలు, ప్రజా సంబంధాలు

తా.క. చక్కెర వేసుకోరు.

*

మంగళవారం

ఇవెత్ గారికి,

అనుమతించిన పరిమితులు! మార్చిలో సరస్సు నీటి గురించి కూడా అచ్చం ఈ వాక్యమే రాశారు. వారం తిరక్కుండా చేపలు పొట్టలు పైకి పెట్టి మా మెట్ల దగ్గరికి కొట్టుకొచ్చాయి. ఇప్పుడు డాక్టర్ గారి పొట్ట ఎటువైపు ఉంది?

ఆయన బతికే ఉన్నారని మేం ఎలా నమ్మాలి? మీ జీపు అద్దాలు ఎక్కించుకుని మా వీధిలోంచి పోతుంది. లోపల కూర్చున్నది మనిషో, గోనెసంచో మాకు కనపడదు. బతికుండగా ఒక్కనాడైనా మా గుమ్మంలో కూర్చుని ఉంటే, పోయారో లేదో అడగడానికి మీ దాకా వచ్చేవాళ్లమా?

పందిరి కింద చోటు చాలడం లేదు. వచ్చినవాళ్లందరికీ మొక్కజొన్న పిండి బొయోలు ఉడికించలేక చచ్చిపోతున్నాం. ముసలి ఎలీసెయో డామినో బల్ల వదలడం లేదు. దుఃఖం తగ్గాలంటే ఆడాల్సిందేనట. వేయించిన అప్పాలమ్మే రమోనా అందరికంటే గట్టిగా ఏడుస్తోంది. ఎందుకే అంటే, "జీపు అద్దం సందులోంచి నా దగ్గర రోజూ రెండు కొనేవాడు, చిల్లర ఎప్పుడూ అడగలేదు" అంటుంది.

ఓబ్దూలియా

తా.క. మనిషినైనా పంపండి, శవాన్నైనా పంపండి. కాగితం మాత్రం పంపకండి.

*

బుధవారం

ఓబ్దూలియా అమ్మగారికి,

ఈ ఉత్తరం ఆఫీసు తరఫున కాదు, నా అంతట నేను రాస్తున్నాను.

శుక్రవారం పైఆఫీసు నుంచి ఒక మేడమ్ వస్తున్నారు. పోయినసారి సందర్శన దినానికి ఇద్దరే వచ్చారు. వాళ్లు కూడా వాన తగ్గగానే వెళ్లిపోయారు. ఈసారీ అలాగే అయితే నా బల్ల ఎత్తేస్తారు, ఊరికి వార్తలు చెప్పడమే మానేస్తారు. దయచేసి ఆ పందిరి తీసేయించండి, జనాన్ని మా గేటు దగ్గరికి పంపండి. డాక్టర్ గారు రేపు దిగుతారు. ఆయన నిజంగానే బతికున్నారు. నా తల్లి మీద ఒట్టు!

మీ,
ఇవెత్

తా.క. విషయం ఫోన్‌లో డాక్టర్ గారికి చెప్పాను. ఆయన, "ఎంతమంది వస్తున్నారు?" అన్నారు.

తా.క. 2. రమోనా ఎవరని కూడా అడిగారు.

*

శనివారం

అమ్మాయీ ఇవెత్,

ఉభయకుశలోపరి. నిన్న జరిగింది నువ్వు చూశావు, కానీ నువ్వు మా పందిరి కింద జనాన్ని చూసి మీ గేటు తీయించడానికి పరుగెత్తినప్పటి సంగతి నీకు తెలియదు. అది రాస్తాను.

డాక్టర్ పందిరి కిందికి వచ్చారు. రమోనా కెవ్వుమంది. ఎలీసెయో మాత్రం తల ఎత్తలేదు. "డాక్టర్, చచ్చినా బతికినా కూర్చోండి. నా వెలుతురుకి అడ్డం రాకండి" అన్నాడు. ఆయన తన ఫోటో దగ్గర ఆగి, చక్కెర లేని కాఫీ తీసుకుని తాగేశారు.

నేను అడిగాను: "చేప తినవచ్చా, కూడదా?"

"అనుమతించిన..." అని మొదలుపెట్టారు. ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని ఆయన్నే చూస్తోంది. మీ పైఆఫీసు మేడమ్ చేతిలో కూడా ఒకటుంది. ఆయన ఆ మాట అక్కడే వదిలేశారు.

"ఉత్తరపు మూల చేప తినకండి. పామాయిల్ మిల్లు నీళ్లు అక్కడే కలుస్తున్నాయి. పిల్లల్ని అటు ఈతకు పంపకండి. మిగతా వైపు చేప మంచిదే, నేనూ అదే తింటాను."

"ఇది ఫిబ్రవరి నుంచి తెలుసా?"

"తెలుసమ్మా. నివేదికలో రాశాం."

"రాజధానివాళ్లు మా చేప తింటారా?"

ఆయన తల దించుకున్నారు. ఆ తల దించుకోవడం చూశాకే ఆయన మీద నాకు మొదటిసారి ప్రేమ కలిగింది. రమోనా వెళ్లి అప్పం చేతిలో పెట్టి, "తినవయ్యా, ఇన్ని రోజుల ఏడుపు వృథా చేశావు" అంది. ఈ పొద్దున పడవలన్నీ దక్షిణానికి వెళ్లాయి. మా పిల్లదాన్ని ఉత్తరం వైపు వెళ్లనివ్వడం లేదు.

ఇక ఒక మాట. ఆయన బతికున్నారని నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తెలిసిపోయింది. పోయినవాళ్ల గురించి ఆఫీసులు ఎప్పుడూ మంచి మాటలే రాస్తాయి, 'పరిమితుల్లో ఉంది' అని రాసేది బతికున్నవాళ్ల గురించే. కానీ ఎవరికీ చెప్పలేదు. మీ సందర్శన దినానికి మా ఊరు రాదు. అదే శుక్రవారం పడిన ప్రార్థన చివరి రోజుకైతే ఒక్కరు కూడా ఇంట్లో ఉండరు, చివరిదాకా లేచి వెళ్లరు. నీ బల్ల ఉండాలి. మాకు జవాబు రావాలి. ఫోటో ఎలాగూ ఉంది.

ప్రేమతో,
ఓబ్దూలియా

తా.క. డిమాండ్లు:

1. నీటి ఫలితం నెలనెలా స్తంభాలకు అంటించాలి. నల్ల అంచుతోనే. రంగు కాగితం మా ఊళ్లో ఎవరూ చదవరు.

2. "అనుమతించిన పరిమితులు" అన్న మాట మానేయాలి. తినవచ్చు, తినకూడదు: ఈ రెండే రాయాలి.

3. మిల్లు మీద పైవాళ్లకు ఈ వారమే రాయాలి, ఆ ఉత్తరం మా పందిరి కింద చదివి వినిపించాలి.

4. గేటు తీసి ఉంచాలి.

5. ఇవెత్‌ను ఎక్కడికీ బదిలీ చేయకూడదు.

6. డాక్టర్ గారు నెలకోసారి వచ్చి మా గుమ్మంలో కాఫీ తాగాలి. బతికున్నారనడానికి మేం ఒప్పుకునే రుజువు అదొక్కటే.