బొగ్గు కొనని ఇల్లు

మంగళవారం, రాత్రి

మా సంస్థ తరఫున పేదలకి పంచిన బొగ్గు ఆదా పొయ్యిలు చూసి రావడానికి ఇవాళ ఊరి శివారు మింగళాడోన్ వెళ్లాను. అప్పలమ్మ పిన్ని ఇంట్లో కొత్త పొయ్యి మసి కూడా అంటకుండా గోడవార ఉంది. పిన్నేమో పక్కింటి పొయ్యి మీద అన్నం వండుకుంటోంది. నాకు ఒళ్లు మండింది. "మీకు మంచి చేసినా అక్కర్లేదా?" అని వీధంతా వినేలా అరిచాను. కరపత్రాల్లో చదివినవి కూడా కొన్ని దంచాను.

పిన్ని గరిటెతోనే వచ్చింది. "అయ్యాయేటి బాబూ అరుపులు? నీ పొయ్యి బొగ్గే తింటాది. నానెప్పుడు కొన్నాను బొగ్గు? పేక్టరీ కాడ ఇరిగిన పెట్టెల సెక్కలేరుకొస్తాను. అవి దీని నోట్లో పట్టవు. పట్టే పొయ్యిని నువ్వే కదా బద్దలుకొట్టినావు, కొత్తదిత్తే పాతది ఉండకూడదని! పక్కింటోళ్లు ఎన్నాళ్లు వండుకోనిత్తారు?"

పొయ్యిలు పంచకముందు ఇంటింటికీ తిరిగి ఫారం నింపుతూ, వారానికి ఎంత బొగ్గు కొంటారని అడిగితే ఆమె 'ఏమీ కొనను' అంది. కొనలేనంత పేదరికం అనుకుని జాబితాలో మొదటి పేరు ఆమెదే రాశాను. మరి దేనితో వండుతారన్న ప్రశ్న ఫారంలో లేదు, నేనూ అడగలేదు. ఇవాళ క్షమించమని కూడా అనలేదు, తల దించుకుని బస్సెక్కేశాను.

రేపు మీటింగులో చెప్పాలి. ఫారంలోనే లోపముందని ఎలా చెబితే బాగుంటుందా అని ఇందాకటి నుంచి మాటలు వెతుక్కుంటున్నాను. ఆ ఫారం రాసింది నేనే.