సత్తమ్మ గోలీలు

మంగళవారం, రాత్రి

అమీర్‌పేట మెట్రో మెట్ల మీద మళ్ళీ వచ్చింది. గుండె దడదడ కొట్టుకుంది, చేతులు వణికాయి, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. మా శ్రీను పంజాగుట్టలోని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

"ఈసీజీ బాగానే ఉంది. పానిక్ అటాక్ కావచ్చు. కానీ థైరాయిడ్ చూడకుండా అలా అనలేం. ఇంకేమైనా మాత్రలు వాడుతున్నారా పెద్దాయనా?" అని డాక్టరమ్మ అడిగింది.

నేను నోరు తెరిచేలోపే శ్రీను నవ్వాడు. "మా నాయిన తలనొప్పికి సుత గోలీ ముట్టడు మేడమ్. గోలీలన్నీ మా అమ్మనే మింగేది."

అవునన్నట్టు తల ఊపాను.

సత్తమ్మ పోయి మూడు నెలలు. ఆమె థైరాయిడ్ గోలీల డబ్బా అట్లాగే మిగిలింది. రోజూ ఐదింటికి లేచి, ఆమెలాగే పరగడుపున ఒకటి వేసుకుని, అరగంట ఆగి చాయ్ తాగుతున్నాను. ఆ అరగంట ఆమె పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ఈ మాట ఎవరితో చెప్పుకోను?

చెప్తే పిచ్చి అని ఎర్రగడ్డ ఆసుపత్రికి తీసుకుపోతారేమో. చెప్పకుంటే ఈ దడకే ప్రాణం పోతుందేమో.

నోటితో అయితే నావల్ల కాదు. డబ్బా శ్రీను హెల్మెట్‌లో పెట్టి వచ్చాను. పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు చూస్తాడు.

కానీ ఐదింటికే మెలకువ వస్తుంది. అప్పుడు ఆ అరగంట నేను ఎట్లా...